ఆడసాళ్ళ ఝమ్కు

ఆముదం మొక్కని మెడ పట్టి లాగితే సగానికి విరుగుతుంది. వేరు మట్టిలోనే ఉండిపోయి పది రోజుల్లో పక్కనించి పిలక వేస్తుంది. అందుకని ఝమ్కు మెడ జోలికి పోయేది కాదు. మొదలు దగ్గర మడమతో ఒక్క తన్ను తన్ని, మట్టి వదులయ్యాక కాండం అడుగున రెండు చేతులూ వేసి, నడుం వెనక్కి వాల్చి పీకేది. వేరుతో సహా ఊడొచ్చిన దాన్ని గట్టు మీద పడేసి, దాని గెలని కాలికింద వేసి నలిపేది. చూసేవాళ్ళకి ఆ మొక్కతో ఆమెకేదో పాత పగ ఉందేమో అనిపించేది. కూలికి వచ్చిన ఆడవాళ్ళలో అంత కసిగా పనిచేసేది ఆమె ఒక్కతే. గల్బాభాయ్ చౌధరి ఆమెని వదులుకోకపోవడానికి కారణం కూడా అదే.

గల్బాభాయ్ పొలం ధనాసణ్, మోటిడావ్ ఊళ్ళ మధ్య దారిలో ఉంది, అటు కోసెడు, ఇటు కోసెడు. పన్నెండు బిఘాల ఆముదం. నూనెకి వేసింది కాదు, విత్తనానికి వేసింది. మూడు ఆడసాళ్ళు, ఒక మగసాలు, మళ్ళీ మూడు ఆడసాళ్ళు. ఆడసాళ్ళలో మొక్కకి గెల అడుగు నించి కొస దాకా ఆడపూలే ఉండాలి. పక్క మగసాలు పుప్పొడి గాలికి వచ్చి వాటి మీద పడాలి. అలా పట్టిన గింజే సంకర విత్తనం. అయితే ఆడసాళ్ళలో కొన్ని మొక్కలు మాట తప్పుతాయి. గెల అడుగున దొంగచాటుగా మగమొగ్గలు తొడుగుతాయి. వాటిని బెరుకులు అంటారు. ఆ మొగ్గలు విచ్చుకోకముందే పీకేయాలి. ఒక్క పొద్దు ఆలస్యమైతే పచ్చటి దుమ్ము రేగి చుట్టుపక్కల సాళ్ళన్నీ కల్తీ అవుతాయి.

గెల ఇంకా ఆకు మడతలో ఉండగానే ఝమ్కు బొటనవేలితో మడత విప్పి చూసేది. మొగ్గ మొనదేలి ఉంటే ఆడది. గుండ్రంగా ఉంటే మగది. మిగతావాళ్ళు వంగి, కళ్ళు చిట్లించి, పక్కవాళ్ళని అడిగి తేల్చుకునేలోపు ఆమె ఐదు మొక్కలు దాటిపోయేది. అందుకే ఆమెకి ఆడసాళ్ళ ఝమ్కు అని పేరు పడింది.

ఊళ్ళోకి కరెంటు స్తంభాలు కొత్తగా వచ్చిన రోజులవి. మొదటి ఏడు పరిశోధన కేంద్రం నించి పంచోలీ సాయెబు వచ్చి కూలివాళ్ళందర్నీ గట్టు మీద కూర్చోబెట్టి పాఠం చెప్పాడు. మంచివాడే, కాకపోతే ఆముదం తప్ప లోకంలో ఇంకోటుందని ఎరగడు. చేతిలో మూరెడు గెల పట్టుకుని ఊగిపోయాడు.

"రెండు దూరపు వంశాలు కలిపితే పుట్టే బిడ్డకి ఆ ఇద్దరికీ లేని బలం వస్తుంది. మీ ఊరి ఆముదం ఎంత కాస్తుందో దానికి రెండింతలు కాస్తుంది. కాయ చూడండి, ఎంత ఒత్తుగా పట్టిందో! దిగుబడిలో ఈ బిడ్డ తల్లినీ కొట్టేస్తుంది, తండ్రినీ కొట్టేస్తుంది!"

"తల్లిని కొట్టడానికి బిడ్డ దాకా ఎందుకు సాయెబూ?" అంది ఝమ్కు వెనక నించి. "మా ఇళ్ళల్లో తండ్రి సరిపోతాడు."

ఆడవాళ్ళు తల మీది ఓఢణీలు నోటికి అడ్డం పెట్టుకుని పొట్ట పట్టుకుని నవ్వారు. సాయెబు నవ్వాలో వద్దో తెలియక కళ్ళజోడు తుడుచుకున్నాడు. ఆ నవ్వుకి ఝమ్కు కింది పెదవి చిట్లి గడ్డం మీదికి రక్తం కారింది. ముందురోజు దెబ్బ అది. ఓఢణీ కొసతో అద్దుకుని మళ్ళీ నవ్వింది.

ఝమ్కుది సాటా పెళ్ళి, అంటే కుండమార్పిడి. మోటిడావ్ వాఘాజీ ఠాకోర్ చెల్లెలు ఝమ్కుని ధనాసణ్ చేలాజీకి ఇచ్చారు. చేలాజీ చెల్లెలు లసిని వాఘాజీకి తెచ్చుకున్నారు. ఒకే పందిరి, ఒకే పంతులు, పిల్లకి పిల్ల చెల్లు. ఇందులో ఆడపిల్లకి భద్రత ఉందని పెద్దలు చెప్పేవారు. నా చెల్లెలు నీ ఇంట్లో, నీ చెల్లెలు నా ఇంట్లో, చెయ్యెత్తేవాడు ముందు తన తోబుట్టువుని తలుచుకుని దించుకుంటాడట. ఆ మాట అన్న పెద్దల్లో ఒక్క ఆడది కూడా లేదు.

జరిగింది వేరు. చేలాజీ ఝమ్కుని కొట్టేవాడు. ఆ కబురు ఏ పాలవాడి నోటో మోటిడావ్ చేరేది. "నా చెల్లెల్ని కొడతాడా వాడు?" అని వాఘాజీ లేచి, ఎదురుగా ఉన్న లసిని కొట్టేవాడు. ఆ కబురు తిరిగి ధనాసణ్ వచ్చేది. "నా చెల్లెల్ని కొడతాడా వాడు?" అని చేలాజీ లేచేవాడు. ఇద్దరు మగాళ్ళకీ చెల్లెళ్ళంటే ప్రాణం మరి! ఆ ప్రేమంతా ఎదుటివాడి చెల్లెలి వీపు మీద చూపించుకున్నారు పదకొండేళ్ళు. ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసి ఒక్కమాట కూడా అనుకోలేదు. పండక్కి ఎదురుపడితే కౌగిలించుకుని, ఒకే రకాబీలో టీ తాగేవాళ్ళు.

చేలాజీ నోరెత్తని మనిషి. భోజనం ముగించి, చెయ్యి కడుక్కుని, తుడుచుకుని, అప్పుడు కొట్టేవాడు. వాఘాజీకి నోరెక్కువ, చేతికి ఏది దొరికితే అది. ఇద్దరిలో ఎవరు నయమని ఝమ్కుని అడిగితే, "నా మొగుడికి గురి ఉంది, మా అన్నకి అది కూడా లేదు" అనేది.

లసిని పొలం పనిలోకి తెచ్చింది ఝమ్కే. అప్పటిదాకా ఇద్దరూ కలిసి మాట్లాడుకున్నది తక్కువ. ఒకే దెబ్బని చెరోసారి తిన్న ఇద్దరు మనుషులు మొదటిసారి పక్కపక్క సాళ్ళలో నిలబడ్డారు. లసి సన్నటిది, మాట బయటికి రానిది. ఆమెకి ఇద్దరు ఆడపిల్లలు, ఝమ్కుకి ఒక కొడుకు. మొదటి రోజు మధ్యాహ్నం సజ్జ రొట్ల, వెల్లుల్లి కారం ముందు పెట్టుకుని కూర్చున్నప్పుడు లసి ఓఢణీ జారింది. భుజం మీద కమిలిన మచ్చ.

"ఇదెప్పటిది వదినా?" అంది ఝమ్కు.

"మంగళవారం."

"మంగళవారమా? అంతకుముందు ఆదివారం నాకు పడ్డాయి. అయితే ఇది నాదే."

"శుక్రవారం నీకు మళ్ళీ పడలేదూ?"

"పడ్డాయి."

"అది నాది" అంది లసి.

ఇద్దరూ కాసేపు రొట్ల నమిలారు. తర్వాత ఝమ్కు మజ్జిగ లోటా కింద పెట్టి, "సాయెబు ఆముదానికి ఆముదానికి మధ్య వెయ్యి అడుగుల ఎడం పెట్టించాడు కదా, వేరే దుమ్ము ఎగిరొచ్చి పడకుండా" అంది. "మనం మాటకి పెట్టుకుందాం. నాకు పడ్డ దెబ్బ ధనాసణ్ దాటదు. నీకు పడ్డది మోటిడావ్ దాటదు. ఎవరడిగినా జారిపడ్డాం."

"పాలవాడు చూస్తాడుగా?"

"పాలవాడికి నేను చెప్తాలే. వాడి గేదె పాలలో ఎన్ని చెంబుల నీళ్ళుంటాయో నాకు తెలుసు."

ఆ ఒప్పందం పనిచేసింది. చేలాజీ చేతి దెబ్బలు ధనాసణ్‌లోనే ఆగాయి, వాఘాజీవి మోటిడావ్‌లోనే ఆగాయి. ఎవరి దెబ్బలు వాళ్ళవే, సగానికి సగం తగ్గాయి. ఆరేళ్ళు అలా గడిచాయి. ఝమ్కు తన తెలివికి తానే మురిసిపోయింది. నిజానికి దెబ్బలు తగ్గాయి తప్ప కొట్టేవాళ్ళకి ఏమీ తగ్గలేదు. పైగా ఇప్పుడు అడిగేవాళ్ళు కూడా లేరు. ఇది ఆమెకి ఆలస్యంగా తెలిసింది.

వాఘాజీకి రెండు బిఘాల పొలం ఉంది. ఒప్పందం పెట్టుకున్న ఐదో ఏట గల్బాభాయ్ దగ్గర సంకర విత్తనం తెచ్చి వేశాడు. పంట విరగకాసింది. మొక్కకి తొమ్మిదేసి, పదేసి గెలలు. మోటిడావ్‌లో ఏ ఠాకోర్ ఇంట్లోనూ అన్ని బస్తాలు పడలేదు. వాఘాజీ మీసం మెలేసి ఊరంతా తిరిగాడు. ఆ మురిపెంలోనే అందర్నీ ముంచే తప్పు చేశాడు. బాగా కాసిన గెలలు ఏరి, రాలగొట్టి, ఆ గింజ కుండలో పోసి మూత పెట్టి, మళ్ళీ ఏటికి విత్తనం అన్నాడు. నాలుగు తరాలుగా అతని ఇంట్లో చేసిన పనే అది. మంచి గెల దాచుకున్నవాడే రైతు అని వాళ్ళ నాన్న నేర్పాడు. ఊరి ఆముదానికి అది నిజం. సంకరానికి కాదు. ఆ బలం ఒక్క తరానిదే. దాని గింజ తీసి విత్తితే తాత, ముత్తాత, ఎవరెవరో లేచొస్తారు.

ఆ రోజు గడపలో నలుగురు కులపోళ్ళు కూర్చుని టీ తాగుతున్నారు. వాఘాజీ కుండ తెచ్చి చూపించాడు. లసి టీ పోస్తూ, తల మీద ఓఢణీ ముందుకి లాక్కుని, ఎన్నడూ లేనిది నోరు విప్పింది.

"ఈ గింజ వెయ్యకూడదు. సాయెబు చెప్పాడు. ఒక్కో మొక్క ఒక్కో రకంగా వస్తుంది, సగం మగపూలే ఉంటాయి."

నలుగురూ వాఘాజీ వైపు చూశారు. ఒకడు ఇకిలించాడు. "ఏం వాఘాజీ, ఇంట్లో సాయెబుని పెట్టుకున్నావా?"

అంత మాట పడ్డాక ఆ గింజ వెయ్యకుండా ఎలా ఉంటాడు? వేశాడు. కార్తీకం వచ్చేసరికి చేను చూడబుద్ధి కాలేదు. ఒకటి మోకాలెత్తు, ఒకటి మనిషెత్తు. ఒక గెల బెత్తెడు, ఒకటి ఉత్త మగపూల కంకి. దారినపోయేవాళ్ళు గట్టు మీద ఆగి, "వాఘాజీ, ఇది చేనా, కుంభమేళానా?" అని అడిగేవారు. టీ దగ్గర నవ్వినవాడే ఒక సాయంత్రం ఊళ్ళో మగాళ్ళు చేరే చోరా అరుగు మీద అందరి ముందూ అన్నాడు: "నీ పెళ్ళాం ముందే చెప్పింది కదరా."

వాఘాజీ ఇంటికి వెళ్ళి పార కర్ర తీసుకున్నాడు.

మర్నాడు తెల్లవారి లసి పనికి వచ్చింది. నడక నెమ్మదిగా ఉందని ఝమ్కు గమనించింది. "ఏమైంది?" అంటే "జారిపడ్డాను" అంది లసి. ఒప్పందం ప్రకారం ఆ మాట తర్వాత ఇంకేమీ అడగకూడదు. ఝమ్కు అడగలేదు. తన సాలు తాను పట్టుకుని ముందుకు పోయింది.

నాలుగో రోజు పొద్దున గల్బాభాయ్ కేక పొలం ఈ చివర నించి ఆ చివరకి వినబడింది. "ఎవరి సాలు ఇది? ఎవరిది? నా కొంప ముంచారు గదా!"

ఝమ్కు పరిగెత్తింది. ఏడో సాలు మధ్యలో మూడు బెరుకులు. మొగ్గలన్నీ విచ్చుకుని, గాలికి పచ్చటి దుమ్ము లేస్తోంది. చూడబోతే రెండు రోజుల కిందటే విచ్చుకున్నాయి. అది లసి సాలు. ఆరేళ్ళలో లసి చేతి కింద ఒక్క బెరుకు తప్పిపోలేదు. ఝమ్కు వంగి చూసింది. మూడు మొక్కల మొదళ్ళలోనూ మట్టి పెళ్ళగిలి ఉంది. అంటే లసి వాటిని చూసింది. తన్నింది. లాగింది. పీకలేకపోయింది.

లసి నాలుగు బారల అవతల నిలబడి ఉంది. పారిపోయే జంతువులా కాదు, పారిపోవడం మానేసినదానిలా.

"ఏమే, కళ్ళు పోయాయా?" అని గల్బాభాయ్ ఆమె మీదికి వెళ్ళాడు. "సాయెబు ఎల్లుండి వస్తాడు! చుట్టూ యాభై మొక్కలు పీకించాలి ఇప్పుడు. కూలీ తీసుకునేటప్పుడు..."

"గల్బాకాకా, నోరు ముయ్యి" అంది ఝమ్కు. ఆయన నిజంగానే మూసుకున్నాడు.

ఝమ్కు లసి దగ్గరికి వెళ్ళి ఏమీ అడక్కుండా రవిక కుడివైపు పైకెత్తింది. పక్కటెముకల మీద చర్మం వంకాయ రంగులో ఉంది. ఒకచోట ఊపిరి తీసినప్పుడల్లా బయటికి ఉబ్బాల్సింది లోపలికి పోతోంది. లసి దగ్గింది. ఓఢణీలో ఉమ్మింది. ఎర్రగా ఉంది.

"ఎన్నిసార్లు కొట్టాడే?"

"జారిపడ్డా వదినా."

"లసీ!"

"ఒప్పందం నీదే కదా వదినా" అంది లసి. "చెప్తే మా అన్న నిన్ను కొడతాడు. అది విని ఈయన మళ్ళీ నన్ను కొడతాడు. ఇంకోసారి కొడితే నేను బతకను. ఆడపిల్లలు చిన్నవాళ్ళు. అందుకే చెప్పలేదు."

ఝమ్కుకి ఒళ్ళంతా సిగ్గుతో మండిపోయింది. ఆరేళ్ళుగా తను కాపాడుతున్నది లసిని కాదు. తన అన్నని. అతనికి ఏ భయమూ లేకుండా చేసింది తనే. ఎంత కొట్టినా ఎవరికీ తెలియదన్న ధీమా అతనికి ఇచ్చింది తనే. తల్లి పోయినప్పుడు తనని భుజాన ఎత్తుకుని తిరిగిన అన్న అని ఎక్కడో ఒక మూల దాచుకున్న మెత్తదనం ఒకటుంది. అది ఆ క్షణంలో చచ్చిపోయింది.

ఆ మూడు బెరుకుల్నీ ఒకటి తర్వాత ఒకటి పీకి, నలిపింది. తర్వాత గల్బాభాయ్ వైపు తిరిగి, "నీ ఒంటెబండి కట్టి దీన్ని మోటిడావ్ చోరా దగ్గరికి తీసుకురా. ఎముకలు కట్టే సోమాని కూడా ఎక్కించుకో. నేను ముందు పోతున్నా" అంది.

"ఎక్కడికే? పని..."

"నీ పని రేపు చేస్తా. ఇవాళ మా ఇంటి సాలు ఏరాలి."

కోసెడు దూరం ఆమె నడవలేదు, పరిగెత్తింది. మోటిడావ్ పుట్టింటి వాకిట్లో వాఘాజీ మంచం మీద కూర్చుని రకాబీలో టీ ఊదుకుంటున్నాడు. చెల్లెల్ని చూసి ముఖం విప్పార్చాడు. "ఓహో, ఝమ్కు! ఏంటే చెప్పాపెట్టకుండా? వాడు మళ్ళీ కొట్టాడా? చెప్పు, ఇవాళ లసి పని..."

నూతి పక్క ఉతికే బండ మీద ధోకా ఉంది, బట్టలు బాదే బరువైన చెక్క కర్ర. ఝమ్కు దాన్ని తీసుకుని తిన్నగా వచ్చింది. మాట పూర్తికాకముందే వాఘాజీ కుడి ముంజేతి మీద కొట్టింది. రకాబీ ముక్కలైంది. వేడి టీ అతని తొడ మీద పడింది. అతను ఆశ్చర్యంగా చేతిని చూసుకున్నాడు. అది ఉండాల్సిన చోట కాకుండా మధ్యలో వంగింది. అప్పుడు అరిచాడు. ఊరంతా వినబడేలా అరిచాడు.

"నీకు పిచ్చెక్కిందా! నేను నీ అన్ననే!"

"తెలుసు. అందుకే నేనొచ్చా."

ఎడం చేత్తో గోడకి ఆనించిన ధారియా అందుకోబోయాడు. పొడుగు కర్రకి బిగించిన ఆ కొడవలి అందితే ఆమెని నిలువునా చీల్చేవాడే. ఝమ్కు ధోకాని అతని మోకాలి మీద దించింది. అతను మంచం మీద నించి దొర్లి టీ మడుగులో పడ్డాడు. మూడో దెబ్బ భుజం మీద. నాలుగోది పక్కటెముకల మీద, సరిగ్గా కుడివైపు. ఆ దెబ్బకి మాత్రం ఆమె కొంచెం ఆగి, చోటు చూసి కొట్టింది.

ఇరుగుపొరుగు వచ్చి పడ్డారు. నలుగురు మగాళ్ళు కలిసి ఆమెని వెనక్కి లాగారు. లాగినవాళ్ళలో ఒకడి ముక్కు పగిలింది.

"ఎవడైనా ధనాసణ్ పోండి!" అని అరిచింది ఝమ్కు. "చేలాజీకి చెప్పండి. ఆయన బావని ఆయన పెళ్ళాం కొట్టిందని చెప్పండి. ఇంతకాలం కబుర్లు మోశారుగా, ఇది కూడా మోయండి!"

మోశారు. మధ్యాహ్నానికి చేలాజీ ఎనిమిది మందితో, ధారియాలతో వచ్చాడు. మోటిడావ్ వాళ్ళు చోరా ముందు అడ్డం నిలబడ్డారు. ఎవడు ముందు విసిరాడో తెలియదు, రాయి లేచింది. చేలాజీ పినతండ్రి కొడుకు నుదురు పగిలి తెల్లపాగా ఎర్రబడింది. ఇటు ఒకడి చెవి ధారియా అంచుకి తెగి వేలాడింది. ఇంకొక్క నిమిషం గడిస్తే శవాలు లేచేవే. అంతలో హాథీజీ అనే కులపెద్ద, ఎనభై ఏళ్ళ ముసలాయన, తన పాగా తీసి రెండు గుంపుల మధ్య దుమ్ములో పడేశాడు. పెద్దవాడి పాగా దాటి అడుగేసేవాడు ఇక ఆ కులంలో ఉండడు. అందరూ ఎక్కడివాళ్ళక్కడ ఆగారు, ఆయాసపడుతూ.

"చేలా," అన్నాడు హాథీజీ, "నువ్వు ఎవరి తరఫున వచ్చావురా?"

చేలాజీ ధారియా ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకున్నాడు. చెల్లెలి తరఫున వచ్చాననాలంటే చెల్లెల్ని కొట్టినవాడే దెబ్బలు తిన్నాడు. బావ తరఫున అంటే కొట్టింది తన పెళ్ళామే. దారి పొడుగునా అతను ఆలోచించలేదు, ధారియా మాత్రం పదును పెట్టుకుని వచ్చాడు.

"నా పెళ్ళాం తప్పు చేసింది. తీసుకుపోయి నేను చూసుకుంటా" అన్నాడు చివరికి, ఎప్పటిలాగే నెమ్మదిగా.

ఆ నెమ్మది ఏమిటో ఝమ్కుకి తెలుసు. అరుగు కింద ఇద్దరు మగాళ్ళ మధ్య నిలబడి ఉంది. కొప్పు ఊడిపోయింది, రవిక చేయి చిరిగింది. ఆమె భయపడింది. కానీ తన గురించి కాదు. తనని ఇంటికి తీసుకుపోయి కొడితే రేపు వాఘాజీ ఎడం చెయ్యి లేస్తుంది. దాని కింద లసి ఉంటుంది. మళ్ళీ మొదలు. లసికి ఇంకొక్క దెబ్బ తట్టుకునే ఒళ్ళు లేదు.

అంతలో, సోమాని వెతికి పట్టుకునేసరికి ఆలస్యమైన ఒంటెబండి వచ్చింది. లసిని దించారు. దారిలో సోమా పాత ధోతీ చింపి ఛాతీ చుట్టూ బిగించి కట్టాడు. వాఘాజీని మంచంతో సహా మోసుకొచ్చి అరుగు పక్కన దించారు. ఇరుగుపొరుగు గుడ్డతో కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని పళ్ళు కొరుకుతున్నాడు.

హాథీజీ గడ్డం గోక్కున్నాడు. "సాటా అంటే అటూ ఇటూ సమానం ఉండాలి. మోటిడావ్ మగాడి చెయ్యి విరిగింది. ధనాసణ్‌కి ఏ నష్టమూ లేదు. త్రాసు ఒరిగింది. దీన్ని ఎలా సరిచెయ్యాలో నాకు పాలుపోవడం లేదు."

"నా పెళ్ళాన్ని నేను సరిచేస్తానంటున్నాగా" అన్నాడు చేలాజీ.

"ఆమె మోటిడావ్ పిల్లరా! మళ్ళీ దెబ్బ మోటిడావ్‌కే పడుతుంది."

మగాళ్ళు గొణుక్కున్నారు. అప్పుడు లసి మాట్లాడింది. ఊపిరి చాలక రెండేసి మాటలు తుంచి మాట్లాడింది. అందువల్లేనేమో అందరూ చెవులొగ్గారు.

"పెద్దయ్యా. వదిన నాకోసం వాళ్ళన్నని కొట్టింది. వదిన కోసం నేను మా అన్నని కొట్టాలి. అప్పుడు సమానం."

చోరా అంతా ఘొల్లున నవ్వింది. చెవి తెగినవాడు కూడా చెవి పట్టుకుని నవ్వాడు. ఇంత సన్నటి మనిషి, ఛాతీకి గుడ్డ చుట్టుకుని నిలబడలేకపోతున్న మనిషి, చేలాజీని కొడుతుందట! హాథీజీ మాత్రం నవ్వలేదు. వేళ్ళు మడిచి ఏదో కూడుకున్నాడు. "న్యాయంగానే ఉంది" అన్నాడు. "దీంతో తగువు చెల్లు. తర్వాత ఎవరూ ఎవర్నీ అనకూడదు. సరేనా?"

చేలాజీకి ఇది చవగ్గా తోచింది. చెల్లెలి చేతి దెబ్బ, అదీ ఈ ఒంటితో! రేపు ఇంట్లో జరగాల్సింది ఎలాగూ జరుగుతుంది. నవ్వుతూ వచ్చి, చొక్కా చెయ్యి పైకి మడిచి, ఎడం చెయ్యి అరుగు అంచు మీద పెట్టాడు. "కొట్టవే చెల్లీ. చిన్నప్పుడు బొంగరం లాక్కున్నానని ఏడ్చేదానివి. ఆ కసి కూడా తీర్చుకో."

ఝమ్కు ధోకా తెచ్చి లసి చేతిలో పెట్టింది. లసి దాన్ని ఎత్తింది, సగం దాకా. నొప్పికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దింపేసింది. మగాళ్ళు మళ్ళీ నవ్వారు.

"అది కాదన్నా. కుడి చెయ్యి" అంది లసి.

"ఏ చెయ్యైతే ఏంటే?"

"వదినని ఏ చేత్తో కొడతావో అది."

నవ్వు ఆగింది. చేలాజీ హాథీజీ వైపు చూశాడు. ముసలాయన దుమ్ములో ఉన్న తన పాగా వైపు చూశాడు. చేలాజీ ఎడం చెయ్యి తీసి కుడి చెయ్యి పెట్టాడు. ముఖం మీద నవ్వు ఇంకా ఉంది, కానీ అది అక్కడ మర్చిపోయినట్టుంది.

లసి ధోకాని భుజం మీదికి ఎత్తలేదు. ఒళ్ళంతా వెనక్కి తిప్పి, కాళ్ళు పాతి, పక్కకి విసిరింది. తర్వాత ఆమె నోట్లో నించి రక్తం వచ్చింది. చేలాజీ ఎముక చప్పుడు అరుగు చివర కూర్చున్నవాళ్ళకి కూడా వినబడింది. అతను వాఘాజీలా అరవలేదు. మోకాళ్ళ మీద కూలబడి, గాలి దొరకనట్టు నోరు మాత్రం తెరిచాడు. పదిహేడేళ్ళలో చేలాజీ ముఖం మీద భయం చూడటం ఝమ్కుకి అదే మొదలు. దాన్ని చూసి ఆమెకి సంతోషం కలిగింది. దాచుకోలేదు.

హాథీజీ లేచి తన పాగా ఎత్తుకుని దులుపుకున్నాడు. సోమా చేలాజీ చెయ్యి పట్టి చూసి, "నలభై రోజులు కదపకూడదు" అన్నాడు. "వాఘాజీది కూడా అంతే."

లసి మూతి తుడుచుకుని ఝమ్కు భుజం పట్టుకుంది. పడిపోకుండా నిలబడటానికి కాసేపు పట్టింది. తర్వాత మంచం మీద ఉన్న మొగుడి దగ్గరికి నడిచింది. వాఘాజీ తనకి తెలియకుండానే వెనక్కి జరిగాడు.

"ఇంటికి పదండి" అంది లసి. "నలభై రోజులు మీ నోట్లో రొట్ల నేనే తుంచి పెట్టాలి. ధనాసణ్‌లో వదిన పెడుతుంది. ఇద్దరూ నోరు మంచిగా పెట్టుకోండి."

వాఘాజీ ఎవరి సాయమూ అడక్కుండా కుంటుకుంటూ లేచి, ఆమె వెనక నడిచాడు.